పళ్ల పట్టీ పెట్టనన్న తాత

నాకు పని నేర్పిన మా మేస్త్రి తాత పోయాడు. నేను ఉండే తాకేటా పేట నుంచి పనికి వస్తుంటే వంతెన మీద, బస్సులో ఉండగా కబురు తెలిసింది. ఫోన్లో ఆయన భార్య, మామ్మ, ఒక్క మాటే అంది: "అమ్మీ, మీ తాత టీ తాగుతా తాగుతా ఒరిగిపోనాడే." వంతెన మీద బస్సు ఆపరు. ఊచ పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బల్ల మీద పని సగంలో ఉంది. సగంలో లేచిపోయే మనిషి కాదు ఆయన.

మీలో చాలామందికి ఆయన ఇక్కడ బర్మాలో మన తెలుగువాళ్ల గుడి పండగలకు పందిరి వేసే వడ్రంగి. బోటాటౌంగ్ రేవు గోదాముల వెనక, రేకుల షెడ్డులో ఆయన చేసే అసలు పని కొద్దిమందికే తెలుసు. సినిమాలకు తుపాకులు చేసేవాడు. పేలేవి కావు. గొట్టంలో బోలు ఉండదు, అది నిండు ఇనప కడ్డీ. మూతి దగ్గర కాస్త గుంట తొలిచి నల్లరంగు పూసేవాడు, అంతే. మిగతాదంతా అచ్చం అసలుదే. అన్నిటికన్నా ఇష్టంగా చేసింది లీవరు తుపాకీ. పేల్చే మీట చుట్టూ ఉన్న ఇనప కడియాన్ని కిందికి లాగి పైకి కొడితే తూటా మారే పాతకాలపు వేట తుపాకీ అది. కుర్రతనంలో ఆయన వేటగాళ్ల తుపాకులు బాగుచేసే కొట్లో పనిచేశాడు. లైసెన్సులు పోయాయి, కొట్టు పోయింది, చేతులు మిగిలాయి.

కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుతో గొడవపడి బయటికొచ్చిన నన్ను అమ్మ ఆయన దగ్గరికి లాక్కెళ్లింది. "దీనిది పుర్రసెయ్యి బావూ. నోరు కూడా అలాటిదే," అని ముందే చెప్పేసింది. తాత ఒక తుపాకీ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"ఏ సేత్తో ఆడిత్తావో ఆడించు."

ఎడమచేత్తో లీవరు లాగి కొట్టాను. చక్కగా ఆడింది.

"సూసినావా? ఇది ఏ సెయ్యని అడగదు. మనుసులే అడుగుతారు."

అన్నం దగ్గర ఎడమచేతి మీద దెబ్బలు తిని పెరిగినదాన్ని. ఆ ఒక్క మాటకి అక్కడే ఉండిపోయాను. తర్వాత పని నేర్చుకుంటూ కనిపెట్టాను: తూటాలు లోపలికి తోసే తలుపు మాత్రం కుడిపక్కనే ఉంటుంది. వెళ్లి నిలదీశాను. "అన్నీ నీకే కావాలేటే?" అని పగలబడి నవ్వాడు.

భుజానికి ఆనే బట్టు పడౌక్ అనే ఎర్రటి గట్టి చెక్కతో చేసి, అవిసె నూనె అరచేత్తోనే రుద్దేవాడు, గుడ్డ వాడేవాడు కాదు. స్క్రూల విషయంలో మరీ పిచ్చి. తల మీద గాడి ప్రతిదీ గొట్టం పొడుగునే చూడాలి, ఒక్కటీ అడ్డం తిరగకూడదు. అందుకోసం ఒక్కో స్క్రూని దాని బెజ్జానికి సరిపడా ఆకురాయితో రాసేవాడు. విప్పినప్పుడు ఒక చెక్కముక్కలో వరసగా గుచ్చిపెట్టేవాడు, ఒకదాని చోట ఇంకొకటి తిన్నగా కూర్చోదు కాబట్టి. "కెమెరాకి గాడి కనపడతాదా తాతా?" అంటే, "నాకు కనపడతాది," అనేవాడు.

మాకు రోజూ పోట్లాటే. ఒకరోజు ఫోన్లో ఈ కాలపు లీవరు తుపాకీ చూపించాను. నల్ల ప్లాస్టిక్ బట్టు, నెత్తి మీద దువ్వెనలా పళ్లున్న ఇనప పట్టీ.

"ఏటే ఇది, రంపానికి బట్టెట్టినట్టుంది!"

"రంపం గాదు తాతా, దుర్బిణీ బిగించడానికి. బట్టు సూడు, వానకి ఉబ్బదు. మొన్న నీ పడౌక్ ఉబ్బి లీవరు పట్టీసినాది, మర్సిపోనావా?"

"ఆ పక్కన బటనేటి?"

"అది నొక్కి ఉంచితే గుర్రం పడినా పేలదు."

గుర్రమంటే వెనక లేచి నిలబడే చిన్న సుత్తి. పాతవాటిలో దాన్ని బొటనవేలితో సగంలో ఆపి ఉంచడమే కాపుదల. తాత ఫోన్ వెనక్కి ఇచ్చేశాడు.

"బయ్యం ఏల్లో ఉండాల, బటన్లో గాదు."

"ఏలు జారితే?"

టీ గ్లాసు అందుకున్నాడు. నేను వదల్లేదు. పాతదాన్ని ఖాళీ చేయాలంటే ఒక్కో తూటాకీ లీవరు ఆడించాలి, ఆడించినప్పుడల్లా గుర్రం లేస్తుంది. కొత్తవాటిలో కొన్నిటికి గొట్టం కిందున్న సన్న గొట్టాన్ని లాగేస్తే తూటాలు ముందునుంచే ఒంపేయవచ్చు. ఆ వీడియో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని రెండోసారి కూడా చూశాడు.

"ఇది మంచిదే," అన్నాడు. "మంచిదాన్ని మంచిదనాల. రంపం మాత్తరం నా సేత్తో ఎట్టను."

చివరి తుపాకీకి సినిమా కంపెనీ సరిగ్గా ఆ రంపమే అడిగింది. పట్టీ కూడా వాళ్లే తెచ్చి ఇచ్చారు. తాత ఎట్టనంటే ఎట్టనన్నాడు. పట్టీ బల్ల మీదే పడి ఉండేది. దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు.

ఆయన పోయాక ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. చావుకి రాలేదు, తుపాకీ కోసం వచ్చాడు. బర్మా భాషలో, తాతని సయా, అంటే గురువు, అంటూ మెత్తగానే మాట్లాడాడు. "సయా ఉన్నన్నాళ్లూ ఆయన మాటే విన్నాం చెల్లీ. ఇప్పుడు పట్టీ నువ్వు పెట్టు. లేదంటే సంచౌంగ్‌లో ప్లాస్టిక్ తుపాకులు పోతపోసే కుర్రాళ్లున్నారు. ఇకమీద పనులన్నీ అటే వెళ్తాయి."

"ఆయన్ని మోసేటప్పుడు ఎక్కడున్నావు?" అని అడిగాను.

"షూటింగ్ ఉంది చెల్లీ."

స్క్రూడ్రైవర్ విసిరికొట్టేదాన్నే. మామ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ కంపెనీ పని పోతే షెడ్డు అద్దె కట్టలేం, షెడ్డు పోతే ఆయన బల్లా పోతుంది. మామ్మకి అది తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు తుపాకీని బల్లకున్న వైసులో బిగించాను. ఎప్పటిలాగే కరెంటు లేదు, చేతి డ్రిల్లు తీశాను. పట్టీ కావాలని రోజూ అరిచిన నాకే చెయ్యి కదల్లేదు. ఎదురు చెప్పే మనిషి ఉన్నప్పుడు అరవడం తేలిక. బెజ్జాల గుర్తు గీయడానికి తుపాకీ నడిమి ఇనప పెట్టె నెత్తిన పట్టిన గ్రీజు తుడిచాను.

కింద నాలుగు స్క్రూలు కనపడ్డాయి. తలలు పెట్టెతో సమంగా రాసి ఉన్నాయి, రంగు కూడా అదే నలుపు. వేలితో తడిమితే తప్ప తెలియదు. నాలుగు గాళ్లూ గొట్టం పొడుగునే ఉన్నాయి. టీ గ్లాసు తీసి పట్టీని పైన పెట్టి చూశాను. పట్టీ బెజ్జాలు, స్క్రూల చోట్లు సరిగ్గా కలిశాయి.

చేసేశాడు. నేను లేనప్పుడు పట్టీ కొలిచి, బెజ్జాలు తొలిచి, మరలు కోసి, అవి కనపడకుండా మూసేశాడు. పట్టీ కావాలంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేసి మూసుకోవచ్చు. తన చేత్తో పెట్టనన్నాడు, పెట్టలేదు. పెట్టడం నాకు వదిలాడు. ఎప్పుడు చెప్పాలనుకున్నాడో తెలియదు. "ఒక్క మాట సెప్తే ఏటి పోతాది?" అని ఆయన కూర్చునే ఖాళీ పీట మీద అరిచాను. ఆ కోపంలోనే నాలుగూ విప్పి పాలడబ్బా మూతలో పడేసి, పట్టీ బిగించేశాను. చెక్కముక్కలో గుచ్చాలన్న సంగతి గుర్తు రాలేదు.

తుపాకీ షూటింగుకి వెళ్లింది, తిరిగొచ్చింది. అదే తుపాకీకి ఇంకో పని కూడా ఇచ్చారు. ఈసారి పాతకాలం కథ, పట్టీ వద్దట. పట్టీ తీసి స్క్రూలు మళ్లీ బిగించాను. ఏది ఏ బెజ్జానిదో తెలియదు. ఒకటి తిన్నగా కూర్చుంటే పక్కది అడ్డం తిరుగుతోంది. మామ్మ టీ తెచ్చి చూసి, "ఉండనీవే, ఎవులు సూత్తారు?" అంది.

"నాకు కనపడతాది," అన్నాను.

మామ్మ టీ గ్లాసు పట్టీ మీద పెట్టి వెళ్లిపోయింది. తుపాకీ ఇంకా వైసులోనే ఉంది, గుర్రం సగం మీద ఆగి ఉంది. మూడు గాళ్లు అటూ ఇటూ అయ్యాయి, తిన్నగా ఉన్నది ఒకటే. బాగా పక్కకి తిరిగిన గాడి ఆయన పీట వైపు చూస్తోంది.