ఎల్లవ్వది ఏ ఊరు

నార్కట్‌పల్లిలో మేముండే వీధి చివర ఒక దాబా ఉంది. పొద్దున్నే తందూరు పొయ్యిలో బొగ్గు రాజేస్తారు. పొగ రాగానే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు, నేను మాత్రం తెరుస్తాను. నాకది ఎల్లవ్వ ఇంటి వాసన.

తెలంగాణ వచ్చిన ఏడాదే నాకు సంబంధం కుదిరింది. "పిల్లగాడు బాయి మీద పనిజేస్తడు" అన్నారు మధ్యవర్తులు. నీళ్లకు మొహం వాచిన నల్లగొండ వాళ్లం కదా, బాయి అనగానే నీళ్ల బావి అనుకుని మా బాపు మురిసిపోయి ఇంకేమీ అడగలేదు. తీరా ఎక్కడో అడవి మధ్య ఆ ఊళ్లో బస్సు దిగాక తెలిసింది, అక్కడ బాయంటే బొగ్గుగని అని. మావారు అందులో కాంట్రాక్టు కూలీ. కిరాయి గదిలో కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి ముసలామె వచ్చి, సంగతి విని పడీపడీ నవ్వింది. ఆమే ఎల్లవ్వ. ఎప్పుడో పాలమూరు జిల్లా ఆత్మకూరు నుంచి కోడలిగా వచ్చి అక్కడే ముసలిదైంది.

"మా నాయిన గూడ గిట్లనే మోసపోయిండు బిడ్డా. మోట గొట్టే ఎడ్లున్నయా అని అడిగిండు!"

ఏడుపు మధ్యలో నాకూ నవ్వొచ్చింది. బొగ్గు పొయ్యి రాజేయడం ఆమే నేర్పింది. సాయంత్రాలు గడప మీద కూర్చుని ఊరు పుట్టిన కథ చెప్పేది. ఆమె వచ్చిననాడు ఎలుగుబంట్లు తిరిగే అడవట. బాయి వెనక బాయి పడిందట, వాడలు లేచాయట, సినిమా హాలు వచ్చిందట. జీతాల నాడు అంగట్లో ఇసుక వేస్తే రాలనంత జనమట. కడుపున పుట్టిన బిడ్డ గురించి చెప్పినట్టు చెప్పేది.

నేను వెళ్లిన కొన్నేళ్లకే బొగ్గు అడుగంటి బాయి మూసేశారు. హోటళ్లు పోయాయి, సినిమా హాలు పోయింది, చివరికి బస్సు కూడా రావడం మానేసింది. మేమూ సామాను కట్టాం. ఎల్లవ్వకు పెనిమిటి లేడు, పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు ఆత్మకూరు తీసుకుపోతానని జీపుతో వస్తే, గుమ్మం దిగనంటే దిగనంది.

"ఈడ నన్ను పాలమూరు ఎల్లవ్వ అంటరు. ఆడికి పోతే బొగ్గు ఎల్లవ్వ అంటరు. నాదే ఊరో నువ్వే చెప్పు బిడ్డా."

చెయ్యి పట్టుకుని జీపెక్కించాను.

ఆత్మకూరు నుంచి అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. "అందరు చుట్టాలే బిడ్డా, ఒక్కలు గూడ ఎరుకలేరు" అనేది. ఒక్కసారి మన ఊరికి పోయొద్దామని అడిగేది.

"అక్కడ ఎవ్వరు లేరవ్వా."

"మనం పోతే ఇద్దరమైతం గద!"

పోయిన ఎండాకాలం ఎల్లవ్వ చనిపోయింది. బెంగతోనే పోయిందని నా నమ్మకం.

ఇప్పుడు నన్నెవరైనా మీదే ఊరమ్మా అని అడిగితే పుట్టిన ఊరు చెప్పను. ఆ ఊరి పేరే చెబుతాను. ఎప్పుడూ వినలేదే, అంటారు.

ఉందండీ, నాదీ ఎల్లవ్వదీ ఆ ఊరే, అంటాను.