అత్తగారి జడ, కోడలి లైసెన్సు

ఆమె భర్త సైన్యంలో సార్జెంటు. ఎక్కడికి బదిలీ అంటే అక్కడికి సామాను సర్దుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని బయల్దేరాల్సిందే. మిగతా సామానంతా లారీకి అప్పగించినా, కోడలు కత్తెరల పెట్టెను మాత్రం ఒళ్ళోంచి దించేది కాదు. జుట్టు కత్తిరించడంలో చెయ్యి తిరిగిన మనిషి. చిక్కల్లా ఒక్కటే, ఆ పనికి లైసెన్సు ఉండాలి, రాష్ట్రం మారితే పాతది చెల్లదు. కొత్తది వచ్చేదాకా ఆమె చేతికి దొరికే తల భర్తది ఒక్కటే. దాని మీద ఉండేది గోరంత జుట్టు.

కొత్త ఊళ్ళో దిగగానే లైసెన్సుల ఆఫీసుకు వెళ్ళింది. మీ ఆయన ఏం చేస్తారని గుమాస్తా అడిగితే, "ప్రభుత్వోద్యోగం" అని ఊరుకుంది. అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. వెనకటి ఊళ్ళో సైన్యం అనగానే సెలూన్ల వాళ్ళు, "రేపో మాపో వెళ్ళిపోయేవాళ్ళు మాకెందుకమ్మా" అని సాగనంపారు. అప్పటినుంచీ ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసేది.

"అయితే పరీక్షకు రావాలి. మా ముందు కత్తిరించి చూపించాలి. తల మీరే తెచ్చుకోవాలి," అన్నాడు గుమాస్తా.

"తలా?"

"మనిషితో సహా."

ఇంటికొచ్చి చెబితే భర్త హుషారుగా లేచాడు. "నేను రానా?"

"మీ తల చూస్తే పరీక్ష అయిపోయిందనుకుంటారు. కూర్చోండి."

పక్కింటావిడను బతిమాలితే, ఆవిడకు ఉన్నట్టుండి ఊరెళ్ళే పని తగిలింది. గిన్నెలు కడుగుతూ కోడలు ఆ కోపమంతా వాటి మీద చూపించింది. కూర తరుగుతున్న అత్తగారు తలెత్తకుండానే అన్నారు: "నేనొస్తాలే."

కోడలు నోరు వెళ్ళబెట్టింది. ఆ జడ నడుం దాటి కిందికి ఉంటుంది. దాని జోలికి ఇంతవరకు ఎవరినీ రానివ్వలేదావిడ. "అత్తయ్యా, మెడదాకా కత్తిరించాలట!"

"నాకేం చెవుడు లేదు. నువ్విలా ఖాళీగా కూర్చుంటే గిన్నెలు దక్కేలా లేవు."

పరీక్షరోజు కోడలు కత్తెర తెరిచి మూసిందే తప్ప, జడను తాకలేదు. "పోయేది జుట్టేగా, చెవి కాదుగా. కానియ్యవే," అన్నారు అత్తగారు. మాట్లాడకూడదని పరీక్షాధికారిణి హెచ్చరిస్తే, "తల నాది, పరీక్ష దానిది. నేను మాట్లాడితే ఏం?" అని ఎదురడిగారు. కోడలు బిగపట్టిన ఊపిరి నవ్వై బయటికొచ్చింది. ఆ తర్వాత కత్తెర ఆగలేదు.

పరీక్ష పాసైంది. లైసెన్సు మీద రాయడానికి చిరునామా అడిగిన గుమాస్తా, మిలిటరీ క్వార్టర్స్ అని వినగానే కలం ఆపేశాడు.

"మీ ఆయన సైన్యమా? ముందే చెప్పొద్దూ! పోయినేడాది నుంచి సైనికుల భార్యలకు ఈ పరీక్షే లేదు. పాత లైసెన్సు చూపిస్తే అప్పటికప్పుడే కొత్తది ఇచ్చేస్తాం."

వెనక బెంచీ మీద, తెగిన జడను సంచిలో పెట్టుకుని కూర్చున్న అత్తగారి వైపు చూసే ధైర్యం కోడలికి చాల్లేదు. వీధిలోకి వచ్చాక ఏడుపు గొంతుతో క్షమించమంది.

"ఎందుకూ? నువ్వు ముందే చెప్పి ఉంటే ఈ బరువు ఇంకో పదేళ్ళు మోసేదాన్ని. ఉన్నన్నాళ్ళూ ఈ జడ చూసి మురిసిపోవడం మీ మామగారిది, చిక్కులు తీసుకోవడం నాది." దుకాణం అద్దంలో అటూ ఇటూ తల తిప్పి చూసుకున్నారు అత్తగారు. "మీ ఆయనకి మాత్రం పరీక్ష అక్కర్లేదన్న ముక్క చెప్పకు. నేనేదో త్యాగం చేశాననుకోనీ."

ఆ వారమంతా సార్జెంటుగారు తల్లికి మంచం దగ్గరికే కాఫీ అందించాడు. ఆవిడ నీరసంగా మూలుగుతూ అందుకున్నారు. కోడలు వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకుంది.

తర్వాత లైసెన్సు, కత్తెరల పెట్టె పట్టుకుని బజారులో ఒక సెలూనుకు వెళ్ళింది. ఈసారి దాచుకోదలచలేదు. "మా ఆయన సైన్యంలో ఉన్నారండీ. ఎప్పుడు కదులుతామో మాకే తెలీదు," అని గబగబా చెప్పేసింది.

రెండు చేతులకూ జుట్టురంగు అంటించుకుని ఉన్న యజమానురాలు ఆమెను ఎగాదిగా చూసింది. "ఇక్కడ చేరినవాళ్ళంతా ఏ సైన్యం లేకుండానే పారిపోయారు తల్లీ. ముందు ఆ కుర్చీలో ఆవిడ సంగతి చూడు, పొద్దున్నించీ నన్ను తిడుతోంది."

కోడలు పెట్టె తెరిచింది.