పత్తి కుప్ప చుట్టూ కరాటే

కోహెడలో జాకెట్లు కుట్టే నవతకు ముప్పయ్యారేళ్లు. ఆమె కరాటే మొదలుపెట్టడానికి కారణం ఎవరి మీదా కోపం కాదు. రెండేళ్ల కిందట ఊళ్లో మహిళలకు పెట్టిన పదిరోజుల శిక్షణ. ముప్పై మంది చేరారు. పదకొండో రోజున నవత ఒక్కతే మిగిలింది. అప్పటికి నేర్పిన హనీఫ్ మాస్టరు కూడా సిద్దిపేటకు వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఆమెకు గురువు ఫోనే. దాన్ని కుట్టుమిషను మీద నిలబెట్టి నడింట్లో సాధన చేసేది. వాకిట్లో చేస్తే చూసేవాళ్లు ఎక్కువ, సలహా చెప్పేవాళ్లు అంతకన్నా ఎక్కువ. నేర్చుకున్నది ఒకే ఒక్క కటా: ఎదురుగా శత్రువు ఉన్నాడనుకొని వరుస తప్పకుండా వేసే ఇరవై ఒక్క కదలికలు. మధ్యలో గట్టిగా కేక వేయాలి. మొదటిసారి వేసినప్పుడు అత్త చంద్రవ్వ కట్టె పట్టుకొని ఉరికొచ్చింది.

"పామేడుందే?"

"పాము కాదత్తమ్మా, కరాటే."

"గట్లనా? మరి పామొచ్చినప్పుడు ఏమని ఒర్రుతవ్?"

నవత ఫోన్లో వీడియోను మళ్లీ మొదటి నుంచి పెట్టింది.

అసలు చిక్కు దసరా తర్వాత వచ్చింది. ఏరిన పత్తినంతా భర్త రాంచందర్ నడింట్లో పోసి, ధర పెరిగాక అమ్ముతానన్నాడు. కుప్ప ఎత్తు విషయంలో ఇంట్లో ఏకాభిప్రాయం లేదు. నవత నడుము దాకా అంటుంది, చంద్రవ్వ నెత్తి దాకా అంటుంది, రాంచందర్ మోకాలు చూపిస్తాడు. ఏదైనా, పెరిగింది కుప్పే గాని ధర కాదు. ఇంట్లో మనుషులు పత్తికి ఒదిగి నడవడం అలవాటు చేసుకున్నారు. నవత వేసే కటా కూడా అదే అలవాటు చేసుకుంది: రెండడుగులు ముందుకు, మూడో దగ్గర పక్కకు ఒరిగి, కుప్పను చుట్టి, మళ్లీ దారిలోకి.

జనవరిలో సిద్దిపేటలో పసుపు బెల్టు పరీక్ష. మాస్టరు ఫోన్లో ముందే తేల్చి చెప్పారు. పాసైతే ఇంట్లోనే సాధన చేసుకుంటూ నెలకొకసారి వచ్చి చూపిస్తే చాలు. లేకపోతే వారానికి మూడు రోజులు సిద్దిపేట రావాలి. మిషను, చేను, రానూపోనూ మూడు గంటల బస్సు కలిపి చూస్తే, రెండో షరతుకు అర్థం మానేయడమే.

పరీక్ష రోజున తోడు వచ్చిన రాంచందర్ సంచి పట్టుకొని హాలు గుమ్మంలో నిలబడ్డాడు. నవత రెండడుగులు చక్కగా వేసింది. మూడో దగ్గర పక్కకు ఒరిగి, ఎవరికీ కనబడని దేన్నో భద్రంగా చుట్టి, మళ్లీ దారిలోకి వచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే భద్రంగా చుట్టింది. వరుసలో కూర్చున్న పిల్లలు నవ్వారు.

"గాడ ఏమున్నది బేటీ?" అని అడిగారు మాస్టరు.

నవత చూసింది. నున్నటి బండలు తప్ప ఏమీ లేవు.

"పత్తి ఉంటది సార్."

"ఎవలది?"

"మాదే సార్."

"ఇంక అమ్మలేదా?"

నవత గుమ్మం వైపు చూసింది. హాలంతా అటే చూసింది. రాంచందర్ సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఇంకొక్కసారి చూస్త," అన్నారు మాస్టరు. "మల్ల సుట్టు తిరిగినవంటే వారానికి మూడు దినాలు రావాల్సిందే."

నవత మళ్లీ మొదలుపెట్టింది. మూడో అడుగుకు లేచిన కాలు గాలిలో ఆగింది. అది పక్కకు మళ్లేలోపే గుమ్మంలోంచి అరుపు వినిపించింది.

"అమ్మేసిన! సీదా పో!"

కాలు సీదాగా పడింది. ఆ తర్వాత వేయవలసిన కేక, కోహెడలో చంద్రవ్వ కట్టె వెతుక్కునేంత గట్టిగా వచ్చింది. నవత పసుపు బెల్టు విప్పకుండానే బస్సెక్కింది.

"ఎప్పుడమ్మినవయ్యా? పొద్దుగాల సుత ఉండె గద?"

"ఇంక అమ్మలే."

"మరి అందరి ముంగట అంటివి?"

"అన్న గద. ఇగ అమ్మాలె."

మర్నాడు బండి వచ్చింది. రెండు నెలలుగా రాంచందర్ వద్దంటూ వచ్చిన ధరకే పత్తి వెళ్లిపోయింది. ఖాళీ అయిన నడింట్లో నవత మొదటి అడుగు వేయబోతుండగా, చంద్రవ్వ చాయ్ గ్లాసుతో వంటింట్లోంచి బయలుదేరింది. నడిమధ్యకు రాగానే పక్కకు ఒరిగి, గోడకు ఆనుకొని, లేని కుప్పను జాగ్రత్తగా చుట్టి వస్తోంది.

"సీదా రా అత్తమ్మా," అంది నవత. "పత్తి పోయింది."