మాడు మీద వేలు

ప్రొద్దుటూరు బజారులో బంగారం తూచేవాళ్లు, గుడ్డలు చింపేవాళ్లు, దారికడ్డంగా బండి పెట్టి ఎదుటివాడి మీద అరిచేవాళ్లు - వీళ్లలో చాలామంది తలలు ఒకప్పుడు రహమత్‌బీ అరచేతుల్లో గుండ్రబడినవే. లోపలి బుద్ధికి మాత్రం పూచీ తనది కాదంటుందామె.

పసిబిడ్డలకు నీళ్లు పోయడం ఆమె పని. జమ్మలమడుగులో తల్లి దగ్గర నేర్చుకుంది. పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రాసి, తల గుండ్రంగా వచ్చేలా అదుముతుంది. చివర మాడుకు ఆముదం పెడుతుంది. నడినెత్తిన ఎముకలింకా కలవని ఆ మెత్తని చోట నాడి వేలికి తగులుతుంది. ముప్పై అయిదేళ్లుగా తాకుతున్నా ఆ చిన్న అదురంటే ఆమెకు ముచ్చటే.

గుడ్డల అంగడి అన్నపూర్ణమ్మ కూతురు శిల్ప పులివెందుల నుంచి పుట్టింటికి కాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. రెండో నెలలో ఒకనాడు రహమత్‌బీ వేలికి ఆ బిడ్డ మాడు ఉబ్బుగా, గట్టిగా తగిలింది. నాడి ఉందా లేదా అన్నట్టుంది. వేడి చేసిందేమోనని ఆముదం నాలుగు చుక్కలు ఎక్కువ పెట్టింది. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి కణతల మీద నీలి నరాలు తేలాయి. తల పెరుగుతోంది.

“చూస్తివా రహమత్‌బీ, ఎంత తలో! ఇది కలెక్టరయ్యే తల,” అని అన్నపూర్ణమ్మ మురిసిపోయేది. వచ్చినవాళ్లందరికీ మనవరాలిని చూపించడం, వాళ్లు గడప దాటగానే మిరపకాయలతో దిష్టి తీయడం.

రహమత్‌బీ నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం ప్రాణం కొట్టుకుపోయేది. తాను అదమడం వల్లే ఇలా అయిందేమో! నోరు విప్పితే ఈ ఇల్లే కాదు, ఊళ్లో ఏ ఇల్లూ మళ్లీ పిలవదు. అందుకని తల అదమడం మానేసి, అదుముతున్నట్టు చేతులాడించింది. మాడు ఉబ్బు వేలికి తగిలిన నాటి నుంచి లెక్కేస్తే అలా పద్దెనిమిది రోజులు. మంచి మనిషే, కాదనను. కానీ ఆ పద్దెనిమిది రోజులూ ఒట్టి పిరికిది.

పందొమ్మిదో రోజు బిడ్డ తాగిన పాలన్నీ కక్కింది. నల్లగుడ్లు కిందికి వాలిపోయి పైన తెల్లగుడ్డు కనబడింది. రహమత్‌బీ చెంబు కింద పెట్టేసింది.

“శిల్పమ్మా, బిడ్డ తల బాగలేదు. మాడు ఉబ్బింది. ఇప్పుడే పెద్ద డాక్టరు కాడికి పోదాం పా.”

“ఏందే నువ్వు చెప్పేది?” అన్నపూర్ణమ్మ గొంతు వీధిలోకి వినబడింది. “దినామూ తల ఒత్తేది నువ్వే గదా?”

“నేనే అక్కా. నన్ను తర్వాత తిట్టు. ముందు కారు పిలిపీ.”

కర్నూలు దాకా ఆమె కూడా వెళ్లింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ దిగమనలేదు. స్కానింగ్ చూసి డాక్టరు వివరంగా చెప్పాడు. మెదడులో రోజూ నీరు ఊరుతుంది. మెదడు చుట్టూ తిరిగి రక్తంలో కలిసిపోతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తలలోకి రక్తం వస్తుంది, ఆ నీరు కాస్త జరిగి చోటిస్తుంది. ఈ బిడ్డకు నీరు పోయే సన్నని దారి మూసుకుపోయింది. నిలిచిన నీటి ఒత్తిడికి రక్తం కూడా సరిగ్గా పారడం లేదు. ఆపరేషన్ చేసి, చర్మం కింద సన్నని గొట్టం వేసి ఆ నీటిని కడుపులోకి దించాలి.

“తల ఒత్తినందుకేనా సార్?” అని అడిగింది రహమత్‌బీ.

“దానివల్ల రాదమ్మా ఇది. అయినా ఒత్తడం మానేయండి. ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేది.”

మొదటి మాటకు ఆమెకు ఊపిరి వచ్చింది. చివరి మాటకు మళ్లీ పోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. చూపెలా ఉంటుందో, ఎప్పుడు కూర్చుంటుందో పెరిగేకొద్దీ తెలుస్తుందన్నారు. అయిదో నెలలో పులివెందులకు బయల్దేరే ముందు శిల్ప రహమత్‌బీని పిలిపించింది. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు రహమత్‌బీ ఇక దాచుకోలేకపోయింది.

“బిడ్డా, పద్దెనిమిది దినాలు ముందే నా వేలికి తెలిసింది. భయపడి చెప్పలేదు.”

శిల్ప బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.

“నాకూ అనుమానమొచ్చింది అవ్వా. కుట్టించిన టోపీ వారానికే పట్టకపాయ. దినామూ నీళ్లు పోసేటప్పుడు నీ మొగమే చూస్తాంటి. నువ్వు నవ్వుతాంటివి. ఏం కాదులే అనుకుంటి.”

తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. రహమత్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“గొట్టం మూసుకుంటే మళ్లీ ఉబ్బుతాదంట,” అంది శిల్ప. “ఆడ నువ్వుండవు. నాకు తాకాలంటే భయం. నేర్పీ.”

రహమత్‌బీ శిల్ప చూపుడువేలు పట్టుకుని బిడ్డ మాడు మీద మెల్లగా ఆనించింది. నాడి తెలిసేదాకా పట్టుకునే ఉంది.

“ఇట్ల మెత్తగా ఉండాల. గట్టిగా తగిలితే డాక్టరు కాడికి పరిగెత్తు. ఇంగ ఎవురి మొగమూ చూడాకు బిడ్డా. నాది గూడా.”