మసి దులిపిన గొడుగులు

వృక్షశాస్త్ర విభాగంలో నమూనాల గది చూసుకునే అటెండరును అందరూ అద్దం బాబాయి అనేవారు. ఆయన చెయ్యి పడితే ఏ వస్తువైనా మొహం చూసుకునేలా తయారయ్యేది. పక్క గదిలోని అస్థిపంజరానికి సైతం వారానికోసారి స్నానం తప్పేది కాదు. ఈ దీక్ష ఆఫీసు వేళలకే పరిమితమని, ఇంట్లో తాగిన గ్లాసు కూడా కడగడని ఆయన భార్య అభియోగం.

ఆ గదిలో మెట్టనేలల్లో మొలిచే ఒక చిన్న ప్రజాతి పుట్టగొడుగులుండేవి. వంశం మొత్తానికి నాలుగే రకాలు. కర్రలాంటి కాడ, మూసిన గొడుగులాంటి తల, తల నిండా నల్లటి పొడి. ఎండిపోయినా నెలల తరబడి నిటారుగా నిలబడే మొండిఘటాలు. పరిశోధన చేస్తున్న అమ్మాయి తనకు దొరికింది ఐదో రకమని మూడేళ్లుగా వాదిస్తోంది. ఆ పొడి రేణువుల కొలతే ఆమెకున్న ఏకైక సాక్ష్యం. వారంలో పరీక్షకులొచ్చి కళ్లెదుట కొలిచి చూపమంటారు.

పెద్దలొస్తున్నారంటే బాబాయికి చేతులు ఊరుకుంటాయా? అమ్మాయి ఊళ్లో లేని రెండు రోజుల్లో ఆమె తెచ్చిన తొమ్మిది గొడుగులకూ శుద్ధి జరిపించేశాడు. ఆమె రాగానే శుభవార్త తానే చెప్పాడు. "లోపల ఇంత మసి ఉంటే ఎలా ఊరుకున్నావమ్మా? ఒక్కో తలా విప్పి దులిపాను. చిటికెడు మిగల్లేదు."

అమ్మాయి ఒక గొడుగు తల విప్పి చూసి స్టూలు మీద కూలబడింది.

"మీరు దులిపింది మసి కాదు బాబాయ్. నా థీసిస్."

బాబాయి అవి ఎక్కడ దొరికాయో అడిగి తెలుసుకుని, మర్నాడు సెలవుచీటీ పడేసి ఇటుక బట్టీ వెనక ఇసుకదిబ్బలకు బయల్దేరాడు. వంగి వంగి వెతుకుతుంటే ఉంగరం పోయిందనుకుని బట్టీ కూలీలు కూడా జాలిపడి వెతికారు. మూడోరోజు పగిలిన ఇటుకల చాటున ఒక్కటి కనబడింది. కుదుపుకి పొడి రాలుతుందని సైకిలెక్కకుండా ఎనిమిది కిలోమీటర్లూ నడిపించుకుంటూ వచ్చాడు.

అమ్మాయి గొడుగు తల విప్పగానే ఆయన ఫ్యాన్ ఆపి, స్విచ్చికి అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. చెమటలు కక్కుతూ వచ్చిన శాఖాధిపతికి కూడా ఇవాళ గాలికి సెలవని వినయంగా విన్నవించాడు. గంట తర్వాత అమ్మాయి సూక్ష్మదర్శిని మీంచి తలెత్తి, కొలతలు పాతవాటితో సరిపోయాయంది.

బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. చూపు మాత్రం బల్ల మీద రాలిన పొడి దగ్గరే ఆగిపోయింది.

"పోనీ, కింద పడ్డదైనా తుడవచ్చా అమ్మా?"

"పరీక్షకులు వెళ్లాక, బాబాయ్."