పడటం వేరు, దిగడం వేరు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చిన ఏడాది, మేం జర్మనీలో ఇంగోల్‌స్టాట్‌లో ఉండేవాళ్ళం. అమ్మమ్మకు బాగోలేదని వరంగల్ వెళ్ళిన అమ్మ, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయింది. నాన్న పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆఫీసు మీటింగుల్లోనే. బడి మూసేశారు, ఆటస్థలానికి అడ్డంగా రిబ్బను కట్టేశారు. పలకరించే దిక్కులేక నేను లిఫ్టుతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఏడుపే.

పై అంతస్తులో ఒక తెలుగాయన ఉండేవారు, మామయ్యా అని పిలిచేదాన్ని. కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఒంటికాయ శొంఠికొమ్ము. సెలవురోజుల్లో ఊరి బయట క్లబ్బులో చిన్న విమానం నడిపేవారు. నాతో తెలుగులోనే మాట్లాడాలని ఆయన పంతం. నా తెలుగేమో అంతంతమాత్రం. బస్సు దిగానని చెప్పబోయి ‘బస్సు నుంచి పడ్డాను’ అనేదాన్ని. ఆయన పడీపడీ నవ్వేవారు.

వేసవిలో ఆంక్షలు సడలాక, నాన్నను ఒప్పించి నన్ను విమానం ఎక్కించారు. ఇద్దరం మాస్కులు పెట్టుకున్నాం. కింద డోనావ్ నది సన్నగా మెరుస్తోంది. ఇటునుంచి ఇటే వరంగల్ వెళ్దామా అని అడిగాను. అంతలో ఇంజిన్ రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు. మామయ్య ఏవో మీటలు తిప్పి చూశారు, లాభం లేకపోయింది. పైకి లాగుతారనుకుంటే, విమానం ముక్కు కిందికి వంచారు. నేల మా మీదికి వచ్చేస్తోంది. పడిపోతున్నాం అని కేక పెట్టాను.

“పడుతలేం బిడ్డా, దిగుతున్నం. అను, దిగుతున్నం అను,” అన్నారాయన, చూపు తిప్పకుండా.

అన్నాను. మళ్ళీ అనమన్నారు. అంటూ ఉంటే అరవడానికి నోరు ఖాళీ లేకపోయింది. ముక్కు వంచితేనే వేగం నిలుస్తుందని, భయపడి పైకి లాగితే నిజంగానే పడతామని తర్వాత చెప్పారు. వెనక్కి క్లబ్బు దాకా వెళ్ళిపోవాలని ఆశపడకుండా, ఎదురుగా గడ్డి కోసిన పొలం ఒకటి చూసుకున్నారు. కుదుపులతో అందులోనే ఆగాం. ఇద్దరికీ ఏమీ కాలేదు.

“నువ్వు అంటుంటే నాక్కూడ ధైర్యమొచ్చింది బిడ్డా,” అన్నారు.

అమ్మ రావడానికి ఇంకా నెలలు పట్టింది. దిగులు ముంచుకొచ్చినప్పుడల్లా ‘దిగుతున్నం’ అన్న ఆ మాటే అనుకుంటూ గడిపాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మామయ్యా పోయారు, మావారూ పోయారు. ఇంట్లో అలికిడి లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు అన్నీ మళ్ళీ మామూలైపోతాయి అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అవ్వవు. పొద్దున్నే లేచి, ఈ ఒక్క రోజుకు ఎక్కడ దిగగలనో వెతుక్కుంటాను. ఒక్కోరోజు అది బేకరీ దాకా నడక, ఒక్కోరోజు పక్కింటి తలుపు. ఆ రోజు మా ఇంజిన్ మళ్ళీ మొదలవ్వనే లేదు. అయినా మేం ఇంటికి చేరాం.