వాల్వు పెట్టని కొలను

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్లే రోడ్డు పక్కన, మా పొలంలోనే ఓ మూల ఆడపిల్లల కోసం చిన్న ఈతకొలను కట్టించాం. మా ఆయన సేద్యం చూసుకుంటారు, ఈత నేర్పేది నేను. కట్టినవాడు విజయవాడ కాంట్రాక్టరు. అతన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొలను నీళ్లు పంపులోంచి ఇసుక ఫిల్టర్లోకి వెళ్లి, శుభ్రపడి వెనక్కి వస్తాయి. పంపు ముందుండే బుట్టలో ఆకులూ వెంట్రుకలూ చిక్కుకుంటాయి కాబట్టి దాన్ని తరచూ కడగాలి. మా పంపు గదేమో కొలను కంటే పల్లంలో ఉంది. మధ్యలో నీళ్లు ఆపడానికి ఆ మహానుభావుడు ఒక్క వాల్వు కూడా పెట్టలేదు. బుట్ట మూత తీస్తే కొలనంతా గదిలోకి వచ్చిపడుతుంది. అంటే బుట్ట కడగాలనుకున్నప్పుడల్లా కొలను ఖాళీ చేయాలన్నమాట. నడి ఎండాకాలం, బోరు సన్నగా పోస్తోంది. మంచి నీళ్లు కాలవలోకి పోతుంటే, తువ్వాళ్లతో వచ్చిన పిల్లల్ని గేటు దగ్గర్నుంచే పంపేశాను.

అతనికి ఫోన్ చేసి, వాల్వు ఎందుకు పెట్టలేదని అడిగాను.

"డిజైనే అంతండి మేడం. ఫోన్ సార్‌కి ఇవ్వండి, చెప్తా."

"బుట్ట కడిగేది నేనండి. నాకు చెప్పండి."

"మీకు అర్థం కాదులెండి," అని పెట్టేశాడు.

అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? పంపుకి ముందొకటి, ఫిల్టరు దాటాక ఒకటి వాల్వు పెడితే నీళ్లు ఎటూ కదలవు. ఆ సైజువి నందిగామలో దొరక్క జగ్గయ్యపేట వెళ్లాను. అక్కడి షాపాయన, నేను కొలతకి పట్టుకెళ్లిన పైపు ముక్కనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"మీ వారితో ఓసారి మాట్లాడిస్తారామ్మా?"

పళ్లు నూరుతూ ఫోన్ కలిపిచ్చాను. అవతల మా ఆయన, "నాకేం తెలీదండి, ఆవిడ అడిగింది ఇవ్వండి," అన్నారు. అప్పుడు లేచి వాల్వులు తీసిచ్చాడు.

కొలను ఇంకోసారి ఖాళీ చేసి, హాక్సా బ్లేడుతో పైపు నేనే కోశాను. మొదటి అతుకు కారింది. పైపులో తడి ఆరకముందే అతికించే సొల్యూషన్ రాశాను మరి. మళ్లీ కోసి, బాగా తుడిచి అతికించి, మర్నాటిదాకా ముట్టుకోలేదు. కొలను నిండాక వాల్వులు కట్టేసి, బుట్ట మూత తిప్పాను. గ్లాసెడు నీళ్లు కారి ఆగిపోయాయి. ఆ గదిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

కొన్నాళ్లకు ఆ కాంట్రాక్టరు రెడ్డిగూడెం నుంచి, కొలను కట్టించుకోవాలనుకుంటున్న భార్యాభర్తల్ని వెంటబెట్టుకొచ్చాడు, తను కట్టిన కొలను చూపించడానికి. పంపు గదిలో నా వాల్వుల మీద చెయ్యేసి, "మేం ఎక్కడ కట్టినా ఇలాగే పక్కాగా పెడతామండి," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను!

"అవి పెట్టింది నేను. ఈయన పెట్టకుండా వదిలేస్తే, నేను కొని, కోసి, అతికించుకున్నా," అన్నాను.

ఆ భార్య అతన్ని పట్టించుకోకుండా, ఏది ఎందుకని నన్నే అడగడం మొదలుపెట్టింది. అంతా విని, ఆలోచించుకుని చెప్తామని వెళ్లిపోయారు.

అతను మా ఆయన దగ్గరికెళ్లి, "మేడం నా బేరం చెడగొట్టారండి," అన్నాడు.

"ఆవిడ ఇక్కడే ఉందిగా, ఆవిడతోనే మాట్లాడండి."

అప్పుడు కూడా నా వైపు చూడకుండానే కారెక్కాడు.